ఐఐటీ నీడలో ఖరిదా: చదువు పెరిగింది, పని పెరిగిందా?

ఖరగ్‌పూర్‌ను ఒకే పట్టణంగా చూడటం కష్టం. బెంగాల్‌ నాగపూర్‌ రైల్వే వర్క్‌షాపును ఆశ్రయించి పెరిగినది ఒకటి. 1951లో హిజిలీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైన ఐఐటీ చుట్టూ వెలసినది మరొకటి. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలకు తరతరాలుగా అన్నం పెట్టింది మొదటిదే. ఫిట్టరు కొడుకు ఫిట్టరైన రోజులవి. ఇప్పుడు రైల్వే కొలువుకు దేశమంతటితో పోటీపడి పరీక్ష నెగ్గాలి.

మరి ఐఐటీ ఏమిచ్చింది? ఖరిదా వంటి పేటల్లోని అంగళ్లకు, ఆటోలకు, అద్దె ఇళ్లకు కొంత గిరాకీ ఇచ్చింది. పట్టభద్రులు మాత్రం రైలెక్కి బెంగళూరుకో, హైదరాబాదుకో తరలిపోతారు. వారు నెలకొల్పే సంస్థలూ ఎక్కువగా అక్కడే వెలుస్తాయి. టాటా హిటాచీ కర్మాగారం వంటివి కొంత ఊరట.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించింది. గౌరవం దక్కింది, సరే. ఉపాధి సంగతి వేరు. ఐఐటీలోని పారిశ్రామికవేత్తల పార్కులో నమూనా యంత్రాలు రూపొందించే యువతకు లేతు పని, వెల్డింగు తెలిసిన చేతులు కావాలి. అవి ఊళ్లోనే ఉన్నాయి. చిన్న విడిభాగాల తయారీని స్థానిక షెడ్లకు అప్పగించడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. విద్యాసంస్థ, పురపాలక సంఘం ఒకచోట కూర్చుంటే చాలు.