చోక్ లాగితే బాగుంటోందని చెప్పాను కదండీ!

పిల్లాడికి జ్వరమని తీసుకెళ్తే డాక్టరు ముందు ఎవర్ని అడుగుతారు? తల్లినే కదా. ఎప్పట్నుంచి, రాత్రి ఎక్కువా పగలు ఎక్కువా, తింటున్నాడా లేదా అని అన్నీ అడిగాకే చెయ్యి పట్టుకుని చూస్తారు. మరి బండికి జబ్బు చేస్తే, రోజూ దాన్ని నడిపే మనిషిని ఎందుకు అడగరు? ఆ మనిషి ఆడమనిషైతే అసలే అడగరు!

మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉంది. మామయ్యగారు కొన్నది. పెట్రోలు, గాలి ఎంతెంత కలపాలో చూసుకోవడానికి ఇప్పటి కార్లలోలా కంప్యూటరూ సెన్సర్లూ ఉండవు. ఆ పనంతా కార్బ్యురేటర్‌దే. పిల్లల స్కూలు, కూరగాయలు, అత్తయ్యగారి ఆస్పత్రి... దాన్ని నడిపేది నేనే. మా ఆయన ఆదివారం తుడుస్తారు, అంతే.

పోయిన వర్షాకాలం నుంచి దానికి రోగం పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మళ్లీ కదిలిద్దామని యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత ఒక్క ఉదుటున ముందుకి దూకేది. రోడ్డెక్కి స్పీడందుకున్నాక మాత్రం ఏ గొడవా లేదు. ఓ సాయంత్రం నాలుగు రోడ్ల కూడలిలో కుడివైపు తిరుగుతుంటే సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా లారీ. వెనక సీట్లో అత్తయ్యగారు. లారీ అతను బ్రేకు వేశాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

మర్నాడే షెడ్డుకి తీసుకెళ్లాను. "ఆగినప్పుడే వణుకుతోందండీ, చోక్ కొంచెం లాగితే బాగుంటోంది" అని చెప్పాను. ఆ మెకానిక్ నవ్వి, మా ఆయనకి ఫోన్ చేశాడు. "సార్, మేడమ్ చోక్ లాగి నడుపుతున్నారు, అందుకే ఈ ట్రబులు" అన్నాడు. మూడు ప్లగ్గులూ మార్చాడు, కార్బ్యురేటర్ విప్పి కడిగాడు, పెట్రోల్ పంపు కొత్తది వేశాడు. ఏడు వేల పైచిలుకు అయింది. ఆగిపోకుండా ఉండటానికి స్క్రూ తిప్పి రేసు పెంచి పంపాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే వణుకు. "ఇంక అమ్మేద్దాం" అన్నారు మా ఆయన.

అమ్మే ముందు ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. "బండి ఎవరు నడుపుతారమ్మా?" అన్నారు. నేనే అన్నాను. "పొద్దున్నేనా, వేడెక్కాక కూడానా?" రెండుసార్లూ. "చోక్ లాగితే?" బాగుంటుంది. ఆయన తలూపి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఇంజనుకి తగిలించి ఉన్న సన్నటి రబ్బరు పైపుని వేలితో కొంచెం వంచారు. ఇంజను చప్పుడు మారిపోయింది. పైపు చివర పగులు! ఇన్నేళ్ల రబ్బరు, ఎండిపోయి చీలింది. పైపు ముక్కకి వంద రూపాయలు కూడా కాలేదు. అది మార్చాక, ముందు షెడ్డు వాళ్లు పెంచిన రేసు తగ్గించి సరిచేశారు.

"చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుందమ్మా. అప్పుడు బాగుందంటే, మామూలప్పుడు గాలి ఎక్కువవుతోందన్నమాట. ఎక్కడో దొంగదారిన గాలి దూరుతోంది, లేకపోతే జెట్టు మూసుకుపోయింది. మీరు చెప్పిందాంట్లోనే సగం పని అయిపోయింది" అన్నారాయన. స్పీడులో ఇంజను ఎలాగూ బోలెడు గాలి పీలుస్తుంది కాబట్టి ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదట. ఆగి ఉన్నప్పుడే తేడా తెలుస్తుందట.

చూశారా? మొదటి షెడ్డులో నా తప్పుగా లెక్కేసినదే అసలైన ఆధారం!

మెకానిక్‌ల కష్టం నాకూ తెలుసు. పది బళ్లు వరసలో ఉంటే ఎవరి కథలు వినాలి అంటారు. కానీ రెండు నిమిషాలు వినకపోవడం వల్ల రెండు రోజుల పని, ఏడు వేలు వృథా అయ్యాయి. పైగా ఒకేసారి మూడు మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఎవరికి తెలుస్తుంది? పులుసులో ఉప్పు, చింతపండు, బెల్లం ఒకేసారి వేసేసి ఏది ఎక్కువైందో చెప్పమన్నట్టు ఉంటుంది.

మన వైపూ లోపం ఉంది. "బండి బాగాలేదు, చూడండి" అని తాళాలు ఇచ్చేసి వస్తాం. లేదా ఎవరో అన్నారని "కార్బ్యురేటర్ పోయింది" అని మనమే తీర్పు చెప్పేస్తాం. తీర్పు వద్దు, సాక్ష్యం చెప్పాలి. చోక్ లాగితే ఇంకా మొరాయించి, నల్లటి పొగ వస్తోందా? పెట్రోలు ఎక్కువవుతోందేమో. వాన పడ్డ పొద్దున్నే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే మిస్సింగ్ కొడుతోందా? ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత వైపు చూడాలి. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉండి, తొక్కగానే తడబడుతోందా? కార్బ్యురేటర్‌లోని చిన్న పంపు మీద అనుమానం. స్పీడులో చాలాసేపు పోయాక నీరసపడుతోందా? పెట్రోల్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. ఇవేవీ మనం విప్పక్కర్లేదు, విప్పకూడదు కూడా. పెట్రోలూ నిప్పురవ్వా పక్కపక్కనే ఉండే చోటది. గమనించి, పాల లెక్క రాసే క్యాలెండరు మీదే తేదీ వేసి రాసుకుంటే చాలు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు పైపులకి అది పడదు, కార్బ్యురేటర్ తనంతట తాను సర్దుకోలేదు. కాబట్టి పాత బళ్లున్న ఇళ్లలో ఈ గమనింపు ఇంకా అవసరం.

బండి అమ్మలేదు. మొన్న మా ఆయన వేరే ఏదో చప్పుడు విని "షెడ్డుకి తీసుకెళ్లనా?" అన్నారు. "ఎప్పుడొస్తోంది, బ్రేకు వేస్తేనా, మలుపులోనా?" అని అడిగాను. తెల్లమొహం వేశారు. రెండు రోజులు మీరే నడిపి, రాసుకొచ్చి చెప్పండి అన్నాను.