గట్టి కాయే కావాలన్నది మనమే

చారులో పులుపు లేదు, పచ్చట్లో రుచి లేదు అని దర్శిలో ఏ ఇంటికి వెళ్లినా అదే మాట. టమాటా పచ్చడికి చింతపండు రెట్టింపు వేసి సరిపెట్టుకుంటున్నాం. నింద మాత్రం హైబ్రిడ్ మీద వేస్తున్నాం. ఆ హైబ్రిడ్‌ని పిలిచి పీట వేసింది మనమే.

నాటు టమాటా నొక్కులు నొక్కులుగా, తొడిమ దగ్గర పచ్చగా, అక్కడక్కడా పగిలి ఉండేది. కోస్తే గింజల చుట్టూ ఉన్న జిగురు గుజ్జు కత్తిపీట మీదికి కారేది. టమాటా పులుపు ఎక్కువగా ఉండేది ఆ గుజ్జులోనే. బజార్లో దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, మెత్తగా ఉందని పక్కన పడేశాం. నున్నగా, గట్టిగా, అంతా ఒకే ఎరుపున్న కాయకే డబ్బులిచ్చాం. మదనపల్లె నుంచి లారీలో వచ్చినా చితకకూడదంటే కండ మందంగా, గుజ్జు తక్కువగా ఉండాలి. అలాంటి రకాలే వచ్చాయి. తొడిమ దగ్గరి పచ్చదనం పోగొట్టిన జన్యుమార్పు పండులో చక్కెరనూ తగ్గిస్తుందని 2012లో ‘సైన్స్’ పత్రికలో శాస్త్రవేత్తలు రాశారు.

విత్తనానిదే తప్పనడానికీ లేదు. సాగర్ కాలువకు నీళ్లొస్తే చాలు, తోటలో పారించేశాం. కోతకు ముందు నీళ్లెక్కువైతే కాయ తూకానికొస్తుంది, రుచి పలచబడుతుంది. బెట్టకొచ్చిన తోటను ఒక్కసారిగా తడిపితే కాయ పగులుతుంది. రంగుకూ పులుపుకూ పొటాష్ కావాలి, మనం యూరియానే నమ్ముకున్నాం. ఎండ 30 డిగ్రీలు బాగా దాటితే ఎరుపు సరిగా పట్టదు. అది తెలిసీ రేటుంటుందని నడివేసవిలో కాయించాం, దోరగా కోసి బాక్సుల్లో మగ్గబెట్టాం. మన ఊళ్లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తెగులుకు ఏ మందు కొట్టాలని అడిగినన్నిసార్లు, రుచున్న రకమేదని మనం అడగలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది గింజ పోగొట్టుకోవడం. టమాటా చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, కాబట్టి నాటు గింజ వేస్తే మళ్లీ ఆ కాయే వస్తుంది. ఏటా కొనక్కర్లేని విత్తనం అది. పత్తికీ మిరపకీ ప్యాకెట్లు కొనడం అలవాటై, పెరట్లో నాలుగు మొక్కలకు సరిపడా గింజ దాచడం కూడా మానేశాం.

మీ పెరట్లో నాటు మొక్క ఒక్కటి మిగిలి ఉన్నా, బాగా పండిన రెండు కాయలు కూరకు కోయకండి. గింజ కడిగి, నీడన ఆరబెట్టి, పక్కింటికీ పంచండి. బజార్లో నొక్కుల కాయలు గంపలో పెట్టుకుని కూర్చున్న అవ్వ కనిపిస్తే, వేలితో నొక్కకుండా, బేరమాడకుండా కొనండి.