జెట్టీ ఊగదు సార్

పోస్టు పెద్దది. ఇప్పుడు టైం లేకపోతే మెస్సు లైన్లో నిలబడ్డప్పుడు చదవండి. తిట్టాలనుకుంటే మాత్రం చివరిదాకా చదివి తిట్టండి.

వారం కింద మన గ్రూపులోనే ఒక తమ్ముడు సినిమా కామెడీ ముక్క ఒకటి పెట్టిండు. ఊళ్లోకి అంబులెన్స్ వస్తది. డ్రైవర్ తాగి ఉంటడు. పక్కనున్న ఆయన గేదెను చూసి చెట్టెక్కుతడు. స్ట్రెచర్ మీది ముసలాయన జారి బురదలో పడి, "మీకో దండం, నేను నడుచుకుంటనే పోత" అని లేచి పోతడు. దాని కింద మనోళ్లే వరసపెట్టి నవ్వు బొమ్మలు పెట్టారు. నెల కిందైతే నేనూ పెట్టేవాణ్ని. ఈసారి ఎందుకు పెట్టలేదో చెప్తా.

మీలో కొందరికి తెలుసు, నెలకు రెండు మూడు ఆదివారాలు నేను సినిమా షూటింగులకు జూనియర్ ఆర్టిస్టుగా పోతాను. తిండి హాస్టల్ చూసుకుంటది. పరీక్ష ఫీజు, ఫోన్ రీచార్జి, ఇంటికి పోయే బస్ చార్జీ ఎవరు చూస్తారు? కృష్ణానగర్‌లో పొద్దున ఐదింటికి నిలబడితే ఏజెంటు వ్యాన్ ఎక్కిస్తడు. పోయిన నెల అట్లనే ఫిలింనగర్ వైపు ఒక షూటింగుకు తీసుకపోయారు. పల్లెటూరి సెట్టు వేశారు. ఇళ్లు బాగానే కట్టారు గానీ ఊరు మొత్తానికి ఒక్క కోడి లేదు. మాకు ఆకులు, పూసలు ఇచ్చారు. అందరికీ ఒంటికి నల్లరంగు పూస్తూ వచ్చిన మేకప్ ఆయన నా దగ్గరికి వచ్చి "నీకు అక్కర్లేదులే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సీను ఏందంటే, అంబులెన్స్ ఊరి బయట ఆగిపోతది. అడవి మనుషులు రోగిని డోలీలో మోసుకొస్తారు. డోలీ ఉయ్యాల లెక్క ఊగాలి, రోగి కేకలు పెట్టాలి, చూసేవాళ్లు నవ్వాలి. నాది ముందు భుజం. యాక్షన్ అన్నారు, నడిచాను. కట్. "డోలీ ఊగట్లేదు." మళ్లీ నడిచాను. మళ్లీ కట్. నాలుగోసారి ఒక అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గరికొచ్చి "ఏం బాబూ, మోయడం రాదా?" అని అడిగాడు.

వచ్చు సార్. అదే సమస్య.

పేపర్లో డోలీ అని రాస్తారు, మా చర్ల వైపు జెట్టీ అంటాం. జెట్టీ మోయడం ఎవరూ క్లాసు పెట్టి నేర్పరు, పన్నెండు పదమూడేళ్లకు భుజమే నేర్చుకుంటది. ముందోడు, వెనకోడు అడుగులు కలపొద్దు. ఇద్దరూ ఒకే అడుగు వేస్తే కర్ర ఎగిరి జెట్టీ ఊగుతది, లోపలున్న మనిషికి ప్రాణం మీదికొస్తది. గుట్ట ఎక్కేటప్పుడు పొట్టోడు ముందు, పొడుగోడు వెనక. దిగేటప్పుడు తిరగేయాలి. భుజం మీద తువ్వాల మడత పెట్టుకోవాలి. భుజం మార్చుకునేటప్పుడు నోటితో చెప్పి మార్చుకోవాలి. ఇన్ని చేసేది ఒక్కదాని కోసం, ఊగకుండా ఉండడానికి. మా నానమ్మ జెట్టీలోనే పోయింది. వాన పడ్డ రాత్రి, వాగు ఇవతల మేము, వాగు అవతల లైట్లు వేసుకుని 108 బండి. ఆ రోజు ముందు భుజం మా నాన్నది, వెనక భుజం నాది. ఆమె పోయాక కూడా మేము జెట్టీ ఊగనీయలేదు.

ఇప్పుడు "కామెడీని కామెడీగా చూడాలి బ్రో" అనేవాళ్లకు ఒక మాట. నవ్వొద్దు అని నేను అనట్లేదు. 108 వాళ్లంత నవ్వించేవాళ్లను నేను ఫిలింనగర్‌లో కూడా చూడలేదు. మా బావ వరసయ్యే ఒకాయన 108లో ఈఎంటీ. పండక్కి ఇంటికొస్తే రాత్రి పదకొండు దాకా ఎవ్వరినీ పడుకోనీయడు. ఆయన చెప్పినవి కొన్ని రాస్తా.

108లో బండి నడిపే ఆయన్ని పైలట్ అంటారు. ఒక ముసలమ్మకు "ఈయన మన పైలట్ అమ్మా" అని చెప్తే ఆమె గుమ్మం దిగనంది. "నేను గాలిలోకి రాను బిడ్డా, నేలబండి ఉంటే తీసుకరా" అంది. అరగంట బతిమిలాడారంట.

ఫోన్ చేసినాయన "చింతచెట్టు కాడికి రా" అంటడు. "ఏ చింతచెట్టు?" "మా ఊరి చింతచెట్టు." "మీ ఊరికి దారి ఏది?" "చింతచెట్టు కాడి నుంచి ఎడమకు."

పాము కరిచినాయన పామును కూడా సంచిలో వేసుకుని బండెక్కిండు, డాక్టరుకు చూపించాలని. చచ్చిందనుకున్న సంచి సగం దారిలో కదిలింది. భద్రాచలానికి ఆ పైలట్ అంత తొందరగా అంతకు ముందు పోలేదు, తర్వాత పోలేదు. ఇది నవ్వుకోవడానికే కాదు, గుర్తుపెట్టుకోవడానికి కూడా. మన దగ్గర ఆసుపత్రుల్లో ఇచ్చే పాము విషం మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. పామును పట్టుకునే పని పెట్టుకోవద్దు. ఆ టైంలో మనిషిని బండెక్కించండి.

రోగి ఒకరు, వెంట వస్తామనేవాళ్లు పదకొండు మంది. అందులో ఒకాయన మేకను కూడా ఎక్కించబోయిండు. "ఇంట్లో ఎవ్వరం ఉండం, దీన్ని ఎవరు చూస్తరు?" ఆయన అడిగింది కూడా న్యాయమే కదా.

ఈ జోకుల్లో ఎవరి మీద ఎవరు నవ్వుతున్నారో చూడండి. బావ తన మీద తాను నవ్వుకుంటడు, తన బండి మీద నవ్వుతడు. మనోళ్ల మీద నవ్వినా, మేనమామ మేనల్లుడి మీద నవ్వినట్టే. ఎందుకంటే అదే రాత్రి అదే మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టింది ఆయనే. మోసేవాడి నవ్వు వేరు, కుర్చీలో కూర్చుని చూసేవాడి నవ్వు వేరు. మోసేవాడు నవ్వేది బరువు తేలిక కావడానికి. కుర్చీలోవాడు నవ్వేది ఆ బరువు తనది కాదని.

మా వదినకు పోయిన ఏడాది నొప్పులొచ్చినప్పుడు బండి వాగు దాకానే వచ్చింది. ఈఎంటీ అక్క, పైలట్ అన్న స్ట్రెచర్ పట్టుకుని వాగు దాటి ఎదురు నడిచి వచ్చారు. దారి మధ్యలోనే కాన్పు అయ్యేటట్టుంది. వదిన కళ్లు మూసేస్తోంది. అప్పుడు ఆ అక్క "వదినా, పాపను ఇంకో పది నిమిషాలు ఆగమను, బండిలో ఏసీ ఉంది" అంది. వదిన అంత నొప్పిలో నవ్వింది. నవ్వి కళ్లు తెరిచింది. చీరలు అడ్డం పట్టి టేకు చెట్టు కింద కాన్పు చేశారు. సిగ్నల్ దొరికే గట్టు మీదికి పైలట్ అన్న ఎక్కి కాల్ సెంటర్ డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పింది గట్టిగా అరిచి కిందికి చెప్పిండు. పాపకు ఊళ్లో ముద్దుపేరు ఏసీ. సినిమావాళ్లకు కామెడీ సీను కావాలంటే ఇది తీసుకోండి, ఫ్రీగా ఇస్తున్నా. తాగిన డ్రైవర్ ఎందుకు?

ఫైరింజనోళ్ల సంగతి కూడా ఇంతే. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి చనిపోయిన సిబ్బంది యాదిలో. నేను ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు ఆ వారంలో ఒకసారి వచ్చి, రేకు డబ్బాలో మంట పెట్టి ఆర్పి చూపించారు. మావోడొకడు లేచి "సార్, మా గుడిసెలు కాలినప్పుడు బూడిదయ్యాక వచ్చారు, ఇయ్యాల ఇంత జల్దీ ఎట్ల వచ్చారు?" అని అడిగేసిండు. హెడ్‌మాస్టర్ ముఖం మాడిపోయింది. ఆ ఫైర్ ఆయన మాత్రం పగలబడి నవ్వి, "ఇయ్యాల్టి మంట తారీకు నాకు ముందే తెలుసు బిడ్డా" అన్నాడు. తర్వాత కూర్చోబెట్టి చెప్పిండు, తాటాకు గుడిసె కాలడానికి ఎన్ని నిమిషాలు పడతదో, నీళ్ల బండి ఆ దారిలో ఎంత మెల్లగా రావాల్సి వస్తదో. బావిలో పడ్డ ఆవు, వరదలో చిక్కిన మనిషి, ఏదైనా వాళ్లకే ఫోన్ పోతదని చెప్పిండు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఆయన చెప్పింది మా వైపు అందరం కళ్లతో చూశాం.

2017 నవంబర్‌లో ఇక్కడ అన్నపూర్ణ స్టూడియోలో సెట్టు కాలితే ఫైరింజన్లు పోయి ఆర్పాయి. మంచిదే, ఎవరికీ ఏమీ కాలేదు. సినిమా ఇల్లు కాలినా బండి రావాల్సిందే. నిజం ఇల్లు కాలినా అదే లెక్కన రావాలి అని మాత్రమే నేనంటున్నా. రాకపోతే తప్పు బండిలో ఉన్నాయనదా?

ఇక "108 వాళ్లు నిజంగానే లేటు వస్తారు కదా, కొందరు డబ్బులు అడుగుతారు కదా" అనేవాళ్లకు. అడిగినోడు ఉంటే ఫిర్యాదు చేయండి, నేనూ సంతకం పెడతా. కానీ లేటు సంగతి వేరు. బండి ఒక కేసు తీసుకుని 60 కిలోమీటర్ల దాకా పోయి ఉంటే, అది తిరిగొచ్చేదాకా రెండో కేసు ఎదురుచూడాల్సిందే. జూబ్లీహిల్స్‌లో అడ్రస్ చెప్పాలంటే రోడ్ నంబర్ 36, ప్లాట్ నంబర్, గేటు రంగు కూడా చెప్తారు. అయినా చెక్‌పోస్టు దగ్గర సైరన్ వేసుకుని ఆగిపోయిన అంబులెన్స్‌ను నేను వ్యాన్ కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. ముందున్న కార్లు కదలవు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చి, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అన్నారు. మా వాగు నాకు తెలిసినప్పటి నుంచి దారి ఇవ్వట్లేదు. జరిమానా ఎవరి పేరు మీద రాయాలి?

నిజమైన కామెడీ అక్కడుంది. కాగితం మీద ఉన్న రోడ్డు, శిలాఫలకం ఒక్కటే కట్టిన వంతెన, పండగ రోజే పనిచేసే సెల్ టవర్. అక్కడ నవ్వించండి, టికెట్ కొని చూస్తాం. కానీ అక్కడ నవ్వితే కోపం వచ్చేవాళ్లు పెద్దోళ్లు. 108 పైలట్ మీద, జెట్టీ మోసే మా మీద నవ్వితే అడిగేవాళ్లు ఎవరూ లేరు.

మనోళ్లనూ వదలను. బండి లేటయిందని రాయి విసిరింది మనోళ్లే. సెలవుల్లో ఊరికే 108కి ఫోన్ చేసి పెట్టేసే పిల్లలు మన తమ్ముళ్లే. ఆ ముక్కకు నవ్వు బొమ్మలు పెట్టిందీ మనమే. 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. నేనూ 2005లోనే పుట్టాను. మా ఇద్దరిదీ ఒకే వయసు. నాకన్నా ముందు మా ఊళ్లో ఎందరు తల్లులు దారిలో పోయారో ఇంటికెళ్లినప్పుడు మీ నానమ్మలను అడగండి. తర్వాత నవ్వండి.

ఇంతకీ ఆ రోజు ఐదో టేకులో నేనేం చేశానని అడుగుతారు. ఊపాను. వెనకోడితో అడుగు కలిపాను, జెట్టీ ఎగిరింది, రోగి కేక పెట్టాడు, అందరూ నవ్వారు, "ఇప్పుడు కరెక్ట్" అన్నారు. సాయంత్రం డబ్బులు తీసుకుని పరీక్ష ఫీజు కట్టాను. హీరో లెక్క సెట్టు వదిలేసి వచ్చానని రాయొచ్చు, కానీ అబద్ధం. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఏం పని చేశావురా అంటే, మూటలు మోశానని చెప్పాను.

అందుకే అడుగుతున్నా. ఆ ముక్కను గ్రూపులోంచి తీసేయమని అడ్మిన్ అన్నకు మనవి. మీ ఊరికి వచ్చే 108 అన్నదో అక్కదో, ఫైర్ ఆయనదో ఒక్క కథ అడిగి రాసి ఇక్కడ పెట్టండి. కోయలో, గోండిలో, కొలామీలో, ఎట్ల చెప్పితే అట్లనే. నవ్వొచ్చే కథే పెట్టండి. ఈ దసరాకు ఇంటికి పోయినప్పుడు ఆ బండి కనిపిస్తే ఆపి, ఒక చాయ్ తాగించండి. కేసు మీద పోతుంటే మాత్రం దారి ఇవ్వండి.

జై ఆదివాసీ.