కాళ్ల సత్తువ కూడా చూడాలి

పల్లెల్లో వైద్య శిబిరం పెడితే ముసలివారికి బి.పి., షుగరు చూస్తారు. మంచిదే. కాళ్లలో సత్తువ ఎంతుందో చూసేవారే అరుదు. జారిపడి తుంటి విరిగితే పెద్దవారు మంచం పడతారు, ఇంటిల్లిపాదికీ కష్టం.

ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెలపై కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కించాలి. పక్కన మనిషి ఉండాలి. 70-74 ఏళ్ల మగవారు 12, ఆడవారు 10 సార్లకు తగ్గితే పడిపోయే ముప్పు ఉందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది.

"పొలం పని చేసిన ఒళ్లు, మాకెందుకు వ్యాయామం?" అంటారు పెద్దలు. పని మానిన నాటి నుంచే కండ కరుగుతుంది. 65 దాటినవారు వారానికి కనీసం 3 రోజులు బలం, నిలకడ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఒక కుర్చీ, ఒక గడియారం ప్రతి ఉపకేంద్రంలోనూ ఉంటాయి. వైద్య, ఆరోగ్య శాఖ వారు ఆలోచించాలి.