గేమ్‌కు కాదు, ఇంటర్వ్యూకు చూసుకోండి స్పీడ్

అమీర్‌పేటలో నలుగురు కలిసి గది తీసుకున్నారు. వైఫై ఏ ప్లాన్ పెట్టించాలి? గేమ్ ఆడేవాడు 300 ఎంబీపీఎస్ అంటాడు, అద్దె లెక్కలు చూసేవాడు 40 చాలంటాడు. గేమ్ కోసమే అయితే రెండోవాడిదే కరెక్ట్.

ఆడుతున్నంతసేపు చాలా గేమ్‌లకు 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. ఆటను చెడగొట్టేది పింగ్... మీరు నొక్కింది సర్వర్‌కు వెళ్లి జవాబు తిరిగొచ్చే సమయం. అది 50 మిల్లీసెకన్లలోపుంటే హాయి. సర్వర్ సింగపూర్‌లో ఉంటే మాత్రం ప్లాన్ పెంచినా దూరం తగ్గదు కదా!

స్పీడ్ కావాల్సింది డౌన్‌లోడ్‌లకు. 50 జీబీ గేమ్ దిగడానికి 100 ఎంబీపీఎస్‌పై గంటకు పైనే, 40పై దాదాపు మూడు గంటలు. సరిగ్గా అప్పుడే పక్కవాడికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనుకోండి, అసలు చిక్కు అక్కడే. మంచి క్వాలిటీ వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ సరిపోతుంది కానీ, అప్‌లోడ్‌లోనూ అంత ఉండాలి. రూమ్మేట్ ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే లైను నిండిపోయి మీ గొంతు తెగిపోతుంది. హెచ్‌ఆర్‌కు అదేం తెలుసు?

రూల్స్‌ను నమ్ముకుంటే లాభం లేదు. 2023లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి పెంచింది... 2 ఎంబీపీఎస్‌కు!

కాబట్టి నలుగురికి 100 ఎంబీపీఎస్ తీసుకోండి. అప్‌లోడ్ కూడా అంతేనా అని ముందే అడగండి. ప్రకటనలో ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి పంచుకోండి. 300 ప్లాన్‌కు పెట్టే డబ్బులో కొంతతో ఒక లాన్ కేబుల్ కొనండి. ఇంటర్వ్యూ ఉన్నవాడి ల్యాప్‌టాప్‌కు ఆ రోజు అది, గేమర్‌కు మిగతా రోజులు.