ప్రకృతి వింతలు: పెద్ద చెట్టును చూడబోతే...

పిల్లలూ! మీ ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద చెట్టు ఏది? దాని మొదలును కావలించుకోవాలంటే మీలాంటి వాళ్ళు ఎంతమంది కావాలి?

ఇంగ్లండులో షెర్వుడ్ అనే అడవి ఉన్నది. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టిన రాబిన్ హుడ్ కథలు ఆ అడవిలో జరిగినవే. అక్కడ "మేజర్ ఓక్" అని పేరుపడ్డ చెట్టు మొదలు చుట్టుకొలత సుమారు 10 మీటర్లు. ఏడెనిమిది మంది పిల్లలు చేయీ చేయీ పట్టుకుంటేగాని దాన్ని చుట్టలేరు! వయసు 800 నుంచి 1,000 ఏళ్ళని అంచనా. 1790లో హేమన్ రూక్ అనే ఆయన తన పుస్తకంలో ఈ చెట్టును వర్ణించాడు. ఆయన సైన్యంలో మేజరు. అందుచేత చెట్టుకు ఆ పేరు వచ్చింది.

అంత చెట్టుకూ ముప్పు వచ్చింది. గొడ్డలివల్ల కాదు, చూడవచ్చిన వాళ్ళ కాళ్ళవల్ల!

ఎలాగంటారా? చెట్టు నీరు తాగేది సన్నని వేళ్ళతో. అవి చాలావరకు నేల పైపొరలోనే చాలా దూరం పాకి ఉంటాయి. మట్టి గుల్లగా ఉంటేనే వాటికి గాలీ నీరూ అందుతాయి. వేలాది మంది తొక్కేసరికి అక్కడి మట్టి కళ్ళంలాగా గట్టిపడింది. అందుకని 1970ల్లో చుట్టూ కంచె వేసి, దూరంనుంచే చూడమన్నారు.

మన మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి మరో కష్టం వచ్చింది. చెదలు పట్టి, 2017లో పెద్ద కొమ్మ విరిగి పడింది. 2018లో, రోగికి సెలైను ఎక్కించినట్టే, సీసాలు వేలాడదీసి చెట్టులోకి చెదలమందు ఎక్కించారు!

ఇక మీ ఊరి చెట్టు సంగతి. చింతో, వేపో, రావో ఏదైనా సరే. ఇద్దరు చాలు, గుంపుగా వెళ్ళకండి. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున పురికొస చుట్టి, ఆ కొసను స్కేలుతో కొలవండి. అటవీశాఖవారు కొలిచేదీ ఆ ఎత్తుననే. చెట్టు పేరూ, తేదీ, కొలతా పుస్తకంలో రాసుకోండి. మేకులు కొట్టకండి, బెరడుమీద మీ పేరు చెక్కకండి.

వచ్చే ఏడు అదే నెలలో మళ్ళీ కొలవండి. ఏడాదిలో మీరు ఎంత పెరిగారో, చెట్టు ఎంత లావెక్కిందో పోల్చి చూడండి!