నిర్జన తీరం అనే అపోహ: మెకంజీ సర్వే, కరణాల కవిలెలు

కృష్ణా ముఖద్వారం నుండి గుండ్లకమ్మ దాకా ఉన్న తీరాన్ని పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయ సర్వేయర్లు ‘అన్వేషించారు’ అనడం సాహిత్య పరిశోధనలోనూ అలవాటుగా మారింది. ఇసుక దిబ్బలు, మడ అడవులు, ఉప్పుటేరులు తప్ప అక్కడ మరేమీ లేనట్లు, వాటిని తొలుత చూసినవాడు దొరే అయినట్లు ఈ మాట ధ్వనిస్తుంది. ఇది అంగీకారయోగ్యం కాదు.

ఓడలు తుపానుకు పగిలి ఒడ్డుకు చేరితే పూర్వపు రాజులు సరుకంతా అపహరించేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ గ్రహించననీ కాకతి గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనంలో వర్తకులకు అభయమిచ్చాడు. అటువంటి రేవు ఉన్న తీరాన్ని అజ్ఞాత ప్రదేశమనడం ఏ ఆధారంతో? నిజాంపట్నం రేవుకు ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లోనే వచ్చింది.

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ వశమైంది. తరువాత సాగిన సేకరణకు కాలిన్ మెకంజీ పేరే నిలిచింది. కాని తనకు దేశభాషలు రావనీ, ఈ విజ్ఞానపు వాకిలి తనకు తెరిచినవాడు కావలి వెంకట బొర్రయ్యేననీ మెకంజీయే రాసుకొన్నాడు. (శిష్యులకన్న ఆయనే నిజాయితీపరుడు.) బొర్రయ్య 1803లో మరణించగా సోదరుడు లక్ష్మయ్య పని కొనసాగించాడు. ఊరూరా కరణాల కవిలెకట్టలు విప్పించి కైఫీయతులు రాయించినవారు తెలుగువారే. రాసిన భాష తెలుగు. ఆ వచనాన్ని చరిత్రకారుల ముడిసరుకుగా వదిలేసి, మన సాహిత్య చరిత్రలు పందొమ్మిదో శతాబ్దపు వచన వికాసాన్ని అచ్చుయంత్రంతోను, పాఠ్యపుస్తకాలతోను ప్రారంభించడం పెద్ద లోపం.

పూర్వం ఈ స్థలం అరణ్యంగా ఉండగా ఫలానావారు కొట్టించి గ్రామం కట్టించారని చెప్పే కైఫీయతులు అనేకం. అడవి అక్కడ గ్రామానికి గతం. పొలిమేరలు, చెరువులు, మాన్యాలు వర్తమానం. సర్వేయరుకు అడవి కంటిముందున్న దృశ్యం. ఈ రెండు కాలాల తేడాను గుర్తించకుండా ‘అరణ్యం’ అన్న మాటను ఎత్తి రాసుకొన్న వ్యాసాలు రెండింటినీ కలగాపులగం చేశాయి.

అయితే కైఫీయతులను నిర్దోషంగా చూపడమూ తగదు. కరణం కలం శిస్తు వెంట, అగ్రహారం వెంట నడిచింది. నల్లరేగడి గ్రామాల మిరాశీ తగాదాలకు పుటలకు పుటలు దొరుకుతాయి. సముద్రపు ఒడ్డున వలలు వేసిన పల్లెవారికి, ఏటిగట్ల యానాదులకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు, తరచు అవీ ఉండవు. దొర పటంలో తీరం ఖాళీగా కనిపించడానికి కవిలెలోని ఈ ఖాళీ ఎంతవరకు కారణమో గ్రామం వారీగా పోల్చి చూడవలసి ఉంది. బాపట్ల, రేపల్లె ప్రాంతాల కైఫీయతులతో ఆ పని మొదలుపెట్టవచ్చు.